చేప బొమ్మ డ్రమ్ము

మా అమ్మ అక్కను వీధంతా బొమ్మల పెద్దమ్మ అనేవారు. అక్షరం ముక్క రాదు గానీ, బొమ్మ కనబడితే దాని అంతు తేల్చందే వదలదు. రసాయనాల గోదాములో ఊడ్చే పని ఆవిడది. పెట్టె మీద గొడుగుంటే తడపకూడదని, గాజు గ్లాసుంటే పగిలే సరుకని కొత్తవాళ్లకు చెప్పేది ఆవిడే.

"రాతలు నిన్నగాక మొన్న వచ్చాయే. గుహల్లో ఉన్నవాళ్లు బొమ్మలతోనే బతకలేదా?" అని నన్ను దెప్పేది. నేను నాలుగు తరగతులు చదివానని ఎక్కడో గుచ్చుకునేదేమో.

ఖాళీ డ్రమ్ములు అడిగినవాళ్లకల్లా సూపర్‌వైజరు ఇచ్చేసేవాడు. వాడి నోట్లో మన్ను పడ, ఎందుకని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. పుర్రె బొమ్మ ఉన్నవాటి జోలికి పెద్దమ్మ వెళ్లలేదు. ఒకదాని మీద చేప, పక్కన చెట్టు ఉన్నాయి. చేపా చెట్టూ బతికేది నీళ్లతోనే కదా, ఇది నీళ్ల డ్రమ్మే అనుకుంది. కింద ఉన్నవి పరాయి అక్షరాలు, నాకూ రావు. దాన్ని ఇంటికి తెచ్చి, లోపలంతా బూడిదతో తోమి, తాగే నీళ్లకని వంటింట్లో పెట్టింది.

పగలంతా ఆవిడ గోదాములోనే ఉండి అక్కడి కుళాయి నీళ్లు తాగేది. ఇంట్లో బుట్టలల్లే పెదనాన్న ఆ డ్రమ్ములోనే చెంబు ముంచుకునేవాడు. వేసవి దాటేసరికి ఆయన కళ్లు పచ్చబడ్డాయి. చేతులు వణికి అల్లిక ఆగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏం నీళ్లు తాగుతున్నారని అడిగింది. నేను ఫోనులో డ్రమ్ము ఫొటో తీసి తీసుకెళ్లి చూపించాను.

"ఇది చచ్చిన చేపమ్మా. చెట్టు చూడండి, ఎండిపోయింది. నీళ్లలో కలిస్తే ప్రాణాలు తీసే సరుకని అర్థం."

"ఈదుతోందనుకున్నాను తల్లీ," అంది పెద్దమ్మ. తరవాత నెత్తి కొట్టుకుంది. "నా చేతులారా నేనే పోశానే!"

నాకు ఒళ్లు మండిపోయింది. దాని మీదా ఒక పుర్రె గీస్తే ఆ సరుకు చేసినవాడి సొమ్మేం పోయేది?

మాత్రలు వేళ తప్పితే మనిషి దక్కడని గట్టిగా చెప్పి పెదనాన్నను ఇంటికి పంపారు. పెద్దమ్మకు చదువు రాదని మందుల షాపతను పొద్దుటి పొట్లం మీద సూర్యుణ్ణి, రాత్రి పొట్లం మీద చంద్రుణ్ణి గీసిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. పెదనాన్న గోడవైపు తిరిగి మూలుగుతున్నాడు. పెద్దమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. పొట్లాలు రెండూ విప్పలేదు.

"రాత్రి మాత్రా, పొద్దుటి మాత్రా రెండూ వేయలేదా? ఆయన్ని చంపుతావా ఏంటి?" అని అరిచేశాను.

"వీధికంతా బొమ్మలు చెప్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని పక్కింటివాళ్లను అడగనే? నీకోసమే చూస్తున్నా." ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. "ఇది సూర్యుడేనా? సరిగ్గా చూసి చెప్పవే."