పడవ ఆలస్యం కాలేదు

"కొండ ఎక్కేటప్పుడు సైకిల్ నన్ను మోసేదనుకుంటున్నావేమో, నేనే దాన్ని మోసేదాన్ని," అంది నర్సు, స్టౌ మీంచి టీ గిన్నె దించుతూ. "దిగేటప్పుడు మాత్రం దాని ఇష్టం. వెనక ఇంత లావు చెట్టుకొమ్మ కట్టి ఈడ్చుకుంటూ దిగేదాన్ని. బ్రేకులకంటే ఆ కొమ్మకే జీతం ఇవ్వాల్సింది."

బస్సు డ్రైవరు నవ్వి నోటుబుక్కులో రాసుకున్నాడు. కొండల కింద సొరంగం తెరిచినప్పటినుంచి అతను రోజూ అవతలి వైపుకి బస్సు నడుపుతున్నాడు. అంతకుముందు మనుషులు ఎలా దాటేవాళ్ళో రాసిపెట్టాలని అతని ఆశ. సెలవు రోజు వచ్చి ఈ వంటగదిలో కూర్చోవడం ఇది నాలుగోసారి.

అందరూ ఆవిడని సూదమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్ళపాటు నెలకోసారి టీకామందు పెట్టె క్యారియర్‌కి కట్టుకుని మొదటి కొండవరస ఎక్కి దిగేది. కింద పొడుగాటి సరస్సు. సైకిల్‌ని పడవలో పడుకోబెట్టి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని దాటేది. ఆపైన రెండో వరస, దాని వెనక ఊళ్ళు. పడవ నడిపేది చెల్లెలి మొగుడే.

"ఆ పెట్టెని చూసుకున్నంత ముద్దుగా అన్నయ్యని చూసుకుంటే ఇల్లొదిలి పోయేవాడా వదినా?" అనేవాడు.

"మందు చెడిపోతే పారబోస్తాం మరిదీ. మొగుణ్ణి ఎక్కడ పారబొయ్యను?" అనేది.

"ఇంతకీ ఆ పెట్టె ఎలా సర్దేవారు పెద్దమ్మా?" అని అడిగాడు డ్రైవరు.

ఆవిడ టీ వడగట్టడం ఆపేసింది. వడగట్టినంత మటుకు గ్లాసులో పోసి పక్కన పెట్టింది.

"ఐసుగడ్డల డబ్బాలు ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు పెట్టెలో పెట్టకూడదు. చెమట పట్టేదాకా బయట ఉంచాలి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినపడాలి. లేకపోతే మందే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిందంటే ఇక అది మందు కాదు."

"మీరు ఎప్పుడూ వినేవారన్నమాట."

"ఒక్కరోజు వినలేదు. లేవడం ఆలస్యమైంది. చప్పుడు కోసం కూర్చుంటే పొద్దెక్కిపోతుందని, ఐసు ఎంతుంటే మందు అంత భద్రమని నాకు నేనే చెప్పుకుని, రెండు డబ్బాలు ఎక్కువే కుక్కాను. పైన కొండమీద చలి. పడవ ఎప్పట్లానే నాకంటే ముందొచ్చి కాచుకునుంది."

అవతలి ఊళ్ళో తల్లులు వరసకట్టి ఉన్నారు. ముందు నిలబడింది చెల్లెలు, భుజాన ఏడాది నిండని కొడుకుతో. నర్సు సీసా ఊపి చూసింది. తెల్లటి తునకలు తేలి, చూస్తుండగానే అడుక్కి దిగిపోయాయి. ఆ తునకలకు అర్థమేమిటో ఆవిడకి తెలుసు.

"వెనక్కి పంపితే మళ్ళీ రారని భయపడ్డాను. అది సగమే. మిగతా సగం, అంతమంది ముందు తప్పు నాదేనని చెప్పాలి. చెప్పలేక సూదులు వేసేశాను. నా చెల్లెలి కొడుక్కి కూడా."

ఆ చలికాలం ఊళ్ళో కోరింత దగ్గు వచ్చింది. ఆ రోజు సూది వేయించుకున్న ముగ్గురు పిల్లలు పోయారు. వాళ్ళలో చెల్లెలి కొడుకొకడు. పైఅధికారి విచారణకు వచ్చి, మందు ఎలా చెడిందని అడిగాడు. పడవ ఆలస్యంగా వచ్చిందనీ, ఐసు కరిగిపోయిందనీ నర్సు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఆ వారమే పడవ ఇంకొకరి చేతికి పోయింది.

"మీ మరిది కాదనలేదా?"

"వాడి దగ్గర గడియారం ఏదీ? 'వదిన అంత మాట అందంటే ఆలస్యమే అయ్యుంటుంది' అన్నాడట. నా చెల్లెలు తొమ్మిదేళ్ళు వాడితో మాట్లాడలేదు. కొడుకుని నువ్వే మింగావంది. ఆ నింద మోస్తూనే పోయాడు మరిది. అది ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, 'నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో అక్కా' అంటుంది."

గోడమీద, ఉద్యోగం దిగిపోయినప్పుడు ఆఫీసువాళ్ళు ఇచ్చిన గడియారం నడుస్తోంది. డ్రైవరు పెన్ను మూసేశాడు.

"మూస్తావేం? రాయి," అంది.

"మీరే వెళ్ళి చెప్పొచ్చుగా పెద్దమ్మా. సొరంగంలో అరగంట."

"నీ బస్సులోనే రెండుసార్లు వెళ్ళాను. చెల్లెలు స్టాపు దగ్గరికొచ్చి నా సంచీ అందుకుంది. దాని చేతి అన్నం తిని, చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను. కొండలున్నన్నాళ్ళూ దారి కష్టమని ఒక వంక ఉండేది. మీరొచ్చి ఆ వంకా తవ్విపారేశారు."

టీ గ్లాసు అతని ముందుకి జరిపింది. అది అప్పటికే చల్లారిపోయింది.

"రేపు నీ బస్సు అక్కడ ఎంతసేపు ఆగుతుంది?"

"ఇరవై నిమిషాలు."

"చాలు. స్టాపు ఎదురుగా, వరండాలో కుట్టుమిషనున్న ఇల్లు మా చెల్లెలిది. దాన్ని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించు. కొమ్మ కబుర్లు మాత్రం తీసెయ్యి బాబూ. అవి వింటే నవ్వేసి నన్ను క్షమించినా క్షమిస్తుంది. పడవ ఆలస్యం కాలేదన్న దగ్గర కాస్త ఆగు. ఆగి, ఆ మాట రెండోసారి చదువు."