వాకిట్లో తాగిన కాఫీ

ఎవరైనా "నూటికి నూరుపాళ్లు నిజం" అంటే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది. నా బుద్ధే అంత. మదనపల్లెలో ఉంటూ, ఏ పత్రికకూ కట్టుబడకుండా రోగాల గురించీ ఊళ్ల కష్టాల గురించీ రాసుకుంటుంటాను. ఈ బుద్ధి లేకపోతే నాకు కూడు పుట్టదు.

రామసముద్రం అవతల ఒక ఊళ్లో, బడిపిల్లలకు వంట చేసే ఆమె మందు పెడుతోందని కబురొచ్చింది. మా పక్క ఈ మందు అనే మాటతో పెద్ద తంటా. జ్వరానికి మింగేదీ మందే, సారా అంగట్లో తాగేదీ మందే, టమోటాకు కొట్టేదీ మందే. ఇంకొకటుంది, గిట్టనివాళ్లకు అన్నంలో కలిపి పెట్టేది. దాన్ని కంటితో చూసినవాళ్లు లేరు, నమ్మనివాళ్లూ లేరు.

ముందు ఆమె పక్కింటాయన దగ్గరికి పోయాను. పుకారుకు మూలం ఆయనే. ఆమె ఇచ్చిన ఓళిగలు, అదే బొబ్బట్లు, తిన్న సాయంత్రమే తల తిరిగి, చేతులు వణికి, నోట్లో నీళ్లూరి పడిపోయాడట. కలకడ దిక్కు ఎవరో పసరు తాగించి మందు కక్కించాక తేరుకున్నాడట.

"ఆ పొద్దు పగలంతా ఏం చేసినావన్నా?"

"టమేటాకు మందు కొడతా ఉన్నింటి."

"మూతికి గుడ్డ కట్టుకున్నావా?"

"యాల?"

"కక్కినాంక మళ్లా కొట్టినావా?"

"ఆ పసరాయన కొన్నాళ్లు తోట దిక్కే పోవద్దన్నాడమ్మా."

ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. మందు చర్మంలోంచీ ఊపిరిలోంచీ ఒంట్లోకి ఎట్లా దిగుతుందో పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఆ మందు నాకు సిన్నప్పట్నుంచి అలవాటేలేమ్మా. ఇది వేరే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

అక్కడినుంచి వంటామె ఇంటికి పోయాను. మొగుడు లేడు, బడి వంటే ఆధారం. సగంమంది పిల్లలు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నారట. మిగిలినవాళ్లూ మానేస్తే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్లు ముందే చెప్పేశారట.

"నీకు ఆయనతో ఏమన్నా తగాదా ఉందా అక్కా?" అని అడిగాను. అడక్కుండా ఉండలేను కదా.

"తగాదా ఉంటే ఓళిగలు యాల ఇస్తానమ్మా?" అంది.

కాఫీ పెట్టింది. గ్లాసు అందుకోబోతే వెనక్కి తీసుకుంది.

"ఈడొద్దమ్మా. వాకిట్లో కూర్చోని తాగు. అందరూ సూడనీ."

అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది. పక్కింటి గోడ మీద రెండు తలకాయలు లేచాయి. కాఫీ పానకంలా ఉంది. అయినా మెల్లగా, చప్పరిస్తూ, చుక్క మిగలకుండా తాగి గ్లాసు బోర్లించాను. నిజం చెప్పొద్దూ, లోలోపల గర్వంగా కూడా ఉంది.

పుంగనూరు ఆటో ఎక్కిన కాసేపటికి కడుపులో దేవడం మొదలైంది. ముందురోజు వేరే పని మీద కుప్పం పోయి, బస్టాండు పక్కన గోబీ మంచూరియా తిన్నాను. నూనె వాసన అప్పుడే తేడాగా ఉంది. అదే ఇది. సందేహం లేదు. అయినా ఒక్క క్షణం, కాఫీ అంత తీపి ఎందుకున్నట్టు అన్న మాట మనసులోకి వచ్చింది. ఛీ, నా బుద్ధి కాలిపోనూ అనుకున్నాను.

ఆటో నిండా ఆ ఊరి ఆడవాళ్లే. ఇక్కడ కక్కితే వంటామె పొయ్యి ఆరిపోయినట్టే. చున్నీ నోటికి అదిమి పట్టుకుని కూర్చున్నాను.

ఎదురుగా ఉన్న అవ్వ నన్నే చూస్తోంది. "యాలమ్మా, మొగం అట్ల పెట్టినావు?"

"ఎండ, అవ్వా."

పుంగనూరులో దిగాక అందరూ కదిలేదాకా ఫోను చూస్తున్నట్టు నిలబడ్డాను. తర్వాత ఒక గోడ చాటుకు పోయి పేగులు బయటికొచ్చేలా కక్కాను. లేచి చూస్తే, నీళ్ల బాటిలు పట్టుకుని వెనకే అవ్వ.

"బాగా కక్కేయమ్మా. కడుపులో ఉంచుకోవద్దు."

"అవ్వా, ఇది నిన్న కుప్పంలో తిన్న గోబీ."

"అవును తల్లీ" అంటూ వీపు నిమిరింది. పాచిపోయిన నూనె గురించి చెప్పాను, ఈగల గురించి చెప్పాను, తిన్నది మరునాడు తిరగబడటం గురించి చెప్పాను. అన్నింటికీ తల ఊపింది. "సదువుకున్నదానివి. ఆయమ్మను కాపాడల్లని సూస్తాండావు. మంచి మనసు నీది" అంది.

అవ్వ చేతిలో బాటిలు అందుకున్నాను. ఆ నీళ్లతోనే ముఖం కడుక్కున్నాను.

మరునాడు మధ్యాహ్నం వంటామె ఫోను చేసింది. గొంతులో కోపం లేదు, దానికే నాకు భయమేసింది.

"ఈ పొద్దు ఒక్క బిడ్డ గూడా తినలేదమ్మా. వండిందంతా ఎనుముల కుడితిలో పోసినాం. రేపట్నుంచి రావద్దన్నారు."

గోబీ సంగతి మొదటినుంచీ చెప్పాను. నేనే వచ్చి బడిలో అందరి ముందూ చెబుతానన్నాను. పేపర్లో రాస్తానన్నాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది.

"అమ్మా, నిజం సెప్పు" అంది చివరికి. "నాకు తెలీకుండా, నా సేతిలోనే ఏమన్నా ఉండాదేమో."