రేపటి రేటు

పాత మంచాలూ బీరువాలూ కొని అమ్మే ఆ దుకాణదారుణ్ణి వీధి వీధంతా వంకల బాబాయి అని పిలిచేది. పిలిస్తే పలికేవాడు కూడా. వంక పెట్టడం ఆయన బతుకుతెరువు మరి. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తూ కబురు పెడితే వెళ్లి, ముందు సామాను వైపు చూడనే చూడడు. అమ్మేవాళ్ల ముఖం చూస్తాడు. "ఎందుకమ్ముతున్నారు?" అని నెమ్మదిగా అడుగుతాడు. అమాయకులు నిజం చెప్పేస్తారు. ఆ తర్వాతే ఆయన కళ్లు మంచం కోళ్ల మీదకి వెళ్తాయి.

ఆయన బేరానికి ఒక పద్ధతుంది. ఇవాళ ఒక రేటు చెప్తాడు. ఆలోచించుకుని రేపొస్తామంటే, అలాగే రమ్మంటాడు. తీరా వెళితే నిన్నటి కంటే తక్కువ చెప్తాడు. ఇదేం అన్యాయమంటే, "అది నిన్నటి రేటు బాబూ, ఇది ఇవాళ్టిది" అంటాడు. ఖాళీ చేసే గడువు నెత్తి మీదున్న మనిషి మూడోసారి ఇంక నోరెత్తడు. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా! ఈ పిల్లి మాత్రం తాను రెక్కలు ముక్కలు చేసుకుని బతుకుతున్నాననే అనుకునేది.

కాపురం దుకాణం వెనక రెండు గదుల్లో. అందులో అమ్మకానికి లేని వస్తువంటూ లేదు. భార్య పడుకునే మంచానికి గిరాకీ వస్తే పక్కబట్టలు తీసి నేల మీద పడేసి, మంచం ఇచ్చేసేవాడు. "ఒక్క కుర్చీకైనా నన్ను అలవాటు పడనిచ్చారా?" అని ఆవిడ నవ్వుతూ అడిగేది. నవ్వుతూ అడిగినన్నాళ్లు ఆయనా నవ్వాడు. ఈ మధ్య ఆవిడ నవ్వడం మానేసి, సొంతిల్లు కొనమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం మొదలుపెట్టింది.

రెండు వీధుల అవతల ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. మూడు గదులు, వెలుతురు ధారాళంగా పడే వంటగది, వెనక బట్టలారేసుకునే జాగా. చూడటానికి వెళ్లిన రోజు ఆవిడ వంటగదిలోంచి కదలలేదు. గట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడి, ఏ డబ్బా ఎక్కడుండాలో మనసులోనే సర్దేసుకుంది. వెళ్దామా అంటే, ఉండండి అంది.

బాబాయి గోడలు తట్టాడు, కుళాయిలు తిప్పాడు, తలుపు చెక్కని గోటితో గీకాడు. ఇల్లు లక్షణంగా ఉంది. అది ఆయనకి నచ్చలేదు.

"ఎందుకమ్ముతున్నారమ్మా?"

అమ్మే ఆవిడ బడిలో పిల్లలకి కుట్టుపని నేర్పుతుంది. దాచుకోవడం తెలియని మనిషి. "మా ఆయనకి గుండె ఆపరేషన్ చెయ్యాలి అన్నయ్యగారూ. ఆలస్యం చెయ్యొద్దంటున్నారు డాక్టర్లు. నేను చెప్పిన రేటు సరిగ్గా ఆ ఖర్చుకి సరిపోతుంది, పైసా ఎక్కువ చెప్పలేదు. మిగతావాళ్లు లోను వచ్చేదాకా ఆగమంటున్నారు. మీ దగ్గర డబ్బు సిద్ధంగా ఉందన్నారు" అంది. ముందుగదిలో ఆమె భర్త దిండ్లకి చేరగిలబడి ఉన్నాడు. బాబాయికి నమస్కారం పెట్టబోయి, ఆయాసం వచ్చి సగంలో ఆగిపోయాడు.

బాబాయి దగ్గర డబ్బుంది. ఆవిడ అడిగినంత ఇచ్చినా ఇంకా మిగులుతుంది. అడిగింది న్యాయమైన రేటని కూడా ఆయనకి తెలుసు. "ఒప్పేసుకోండి" అని భార్య చెవిలో గొణిగింది. బాబాయి పెదవి విరిచి, "పైకప్పు చెమ్మ పీలుస్తోందమ్మా. అడిగినదాంట్లో ముప్పాతికైతే ఇస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చాక భార్య నిలదీసింది. "మనిషి ప్రాణమండీ!"

"ప్రాణం వాళ్లది, డబ్బు మనది. నాలుగు రోజులు ఆగు, పండు దానంతటదే రాలుతుంది."

"రాలేది పండు కాదు" అందావిడ. ఆయన వినిపించుకోలేదు.

నాలుగు రోజులకి ఆ కుట్టుపని టీచరమ్మే దుకాణానికి వచ్చింది. బీరువాల మధ్య ఇరుగ్గా నిలబడి, "ముప్పాతికకి ఇంకొంచెం కలపండన్నయ్యగారూ. తక్కువైంది అప్పు తెచ్చుకుంటాను" అంది.

"అది ఆ రోజు రేటమ్మా. ఇవాళ మూడింట రెండొంతులే."

ఆవిడకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనమ్మేది మంచం కాదండీ" అని వెళ్లిపోయింది. "రేపొస్తుంది చూడు" అన్నాడు బాబాయి భార్యతో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడు కబురొచ్చింది. ఆమె భర్త ముందుగదిలో ఆ దిండ్ల మీదే పోయాడు.

ఆ రోజు బాబాయి భార్య పొయ్యి వెలిగించలేదు. బాబాయికీ మనసు బాగోలేదు, కాదనకూడదు. "ఇంత తొందరగా పోతాడనుకోలేదే" అని మాటిమాటికీ అన్నాడు. ముందే తెలిస్తే అడిగినంతా ఇచ్చేవాణ్ణని కూడా అన్నాడు. అన్నప్పుడు నమ్మే అన్నాడు.

కొన్నాళ్లకి టీచరమ్మే ఇద్దరినీ రమ్మంది. వంటగది గడప దగ్గర కూర్చుంది. బాబాయి భార్య పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు నాకంత డబ్బుతో పనిలేదన్నయ్యగారూ. మీరు చివర అన్న రేటే ఇవ్వండి, మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాను. వదినగారికి ఈ వంటగది బాగా నచ్చింది. ఆవిడైనా సుఖంగా ఉంటారు."

సరే అంటే చాలు. భార్య కళ్లతోనే దణ్ణం పెడుతోంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. అన్నేళ్లుగా తిరిగిన నాలుక అలవాటైన దారినే పోయింది.

"అది అప్పటి రేటమ్మా. ఇప్పుడిది మనిషి పోయిన ఇల్లు కదా. అలాంటి ఇంటికి ఎవరైనా తగ్గించే అడుగుతారు. సగానికి కానిద్దాం."

టీచరమ్మ ఏడవలేదు. ముందుగది వైపు ఒకసారి చూసి, "అలాగే కానివ్వండి" అంది. బాబాయి భార్య ఆమె చెయ్యి వదిలేసింది. ఆ చెయ్యి పట్టుకునే ముఖం తనకి లేదనిపించింది.

తిరిగొస్తుంటే బాబాయి ముఖం చేటంతయింది. నీకోసమే ఇదంతా అన్నాడు. వంటగదికి ఏ రంగు వేయిద్దామన్నాడు. వీధి మలుపులో ఆవిడ ఆగిపోయింది.

"ఏవండీ, నేను ఆ ఇంట్లోనే పోయాననుకోండి. అప్పుడు కూడా రేటు తగ్గుతుందా?"

బాబాయి నవ్వలేదు, కసురుకోలేదు. నిజంగానే కాసేపు ఆలోచించాడు.

"తగ్గుతుంది మరి. అందుకే, ఒంట్లో బాగోలేదనిపిస్తే ముందుగానే చెప్పు. ఆసుపత్రిలో చేర్పిస్తాను" అన్నాడు.