ఫరీదాబాద్‌లో కూలిన సిద్ధాంతం

మాటల అర్థాల మీద పరిశోధన చేయడం నా వృత్తి. అందులో నాకు పేరు తెచ్చిపెట్టింది ‘ఖాళీ’ అనే ఒక్క మాట. ఢిల్లీ మునిర్కాలో అద్దెగదిలో ఉండి చదువుకునే రోజుల్లో దాని మీద ఒక వ్యాసం రాశాను. ఖాళీ అంటే లోపల ఏమీ లేకపోవడమేననీ, జనం ఉన్న బస్సును ఖాళీ అనడం ఉత్త అతిశయోక్తి అనీ అందులో తేల్చిపారేశాను. సెమాంటిక్స్ అనే ఈ అర్థాల శాస్త్రం చెప్పే ప్రతిచోటా ఆ వ్యాసం పాఠమై కూర్చుంది. అబద్ధమెందుకు, నాకూ కాస్త తల ఎగరేసే అలవాటు వచ్చింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏదో ఒక సందర్భం చెప్పి, “ఇక్కడ ఈ వాక్యం అంటారా?” అని ఆ భాష మాట్లాడేవాళ్ళను అడుగుతాం. వాళ్ళు “అనం” అని చెబితే ఆ వాక్యం ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతాం. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న వరంగల్ అమ్మాయి ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లోని తెలుగు కుటుంబాలను ఇలాగే అడిగి ఆఖరి అధ్యాయం రాసింది. ఆ చలికాలంతో గడువు అయిపోతుంది. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే.

అధ్యాయం చదివాను. నా సిద్ధాంతం కోరిన చోటల్లా బుద్ధిగా నక్షత్రాలున్నాయి. ముచ్చటపడాల్సింది పోయి అనుమానపడ్డాను. మనుషులు అంత క్రమశిక్షణగా మాట్లాడరు. రికార్డింగులు తెప్పించుకుని ఢిల్లీలోనే ద్వారకలో ఉన్న మా ఇంట్లో కూర్చుని విన్నాను. నక్షత్రం పెట్టిన వాక్యాలను జనం హాయిగా “అంటాం” అంటున్నారు!

మర్నాడు అమ్మాయిని పిలిచి అడిగాను.

“మీ పేపర్ల అట్ల లేదు గద మేడమ్,” అంది తల వంచుకుని. “ఇన్నేండ్ల సంది ఢిల్లీ దిక్కున ఉండి వాళ్ళ తెలుగే ఖరాబైందేమో అనుకున్న.”

నాకు ఒళ్ళు మండింది. భాష మాట్లాడేవాళ్ళది తప్పట, భాష గురించి రాసిన నాది ఒప్పట! ఇలాంటి పొరపాటు మా భాషాశాస్త్రం వాళ్ళకు తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు. కోపం చల్లారాక భయం పట్టుకుంది. ఆ జనం చెప్పిందే నిజమైతే నా వ్యాసం నిలవదు.

ఇద్దరం మెట్రో ఎక్కి ఫరీదాబాద్ వెళ్ళాం. శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన ఒక ఆంటీ ఇంట్లో కూర్చున్నాం. టీ తాగుతూ ఈసారి నేనే అడిగాను.

“బస్సు నిండా జనం ఉన్నారు ఆంటీ. రెండే సీట్లు మిగిలాయి. ఎక్కేది మనమిద్దరం. ఖాళీగా ఉందంటారా?”

“అంటామమ్మా. ఖాళీగా ఉంది, ఎక్కేయ్ అంటాం.”

“అదే మనం ముగ్గురమైతే?”

“అప్పుడెలాగంటాం? ఒకరు నిలబడాల కదా!”

ఇందులో అతిశయోక్తి ఎక్కడుంది? బస్సులో ఎంతమంది ఉన్నారన్నది ఆవిడకు అనవసరం, ఎక్కేవాళ్ళకు చోటుంటే చాలు. పక్కిళ్ళలో అడిగినా అదే జవాబు. నా సిద్ధాంతం అక్కడే కూలింది. అయినా లోపలెక్కడో పాత హుషారు లేచి కూర్చుంది. ఇంత చక్కటి సంగతి ఈ అమ్మాయి వయసులో నాకెందుకు తట్టలేదా అని కాస్త కుళ్ళుకున్నాను కూడా.

తిరుగు మెట్రోలో అమ్మాయి మెల్లగా అడిగింది. “మరి మీ పేపరో మేడమ్?”

“దాని సంగతి అది చూసుకుంటుంది. నువ్వు విన్నది రాయి.”

“పెద్దోళ్ళు ఊకుంటరా?”

“ఊరుకోరు. నేనూ అక్కడే ఉంటాగా.”

అధ్యాయం మొదటి నుంచీ తిరగరాసింది. థీసిస్ ఇచ్చే ముందు జరిగే సెమినార్‌లో నా వ్యాసాన్ని తెర మీద చూపించి, ఈ వాదన నిలవదని మొదట్లోనే చెప్పేసింది. మాట తడబడలేదు. ఒక పెద్ద ప్రొఫెసర్ ఆమెను వదిలేసి నా వైపు తిరిగి, “మీ జవాబేమిటి?” అన్నాడు.

“నా దగ్గర లేదండీ. ఆమె చెప్పిందే సరైనది. ప్రశ్నలు ఆమెనే అడగండి,” అన్నాను.

అడిగారు. అన్నిటికీ నిదానంగా చెప్పుకొచ్చింది. థీసిస్ గడువులోపలే వెళ్ళింది.

ఇన్నేళ్ళలో నా వ్యాసాన్ని ఎంతమంది ఉదహరించారో నాకే తెలియదు. అందులోని మాటను జనం దగ్గరికి తీసుకెళ్ళి, నిజమేనా అని అడిగింది మాత్రం ఈ అమ్మాయే. సెమినార్ జరిగిన సాయంత్రం కలిగినంత గర్వం ఆ వ్యాసం అచ్చయిన రోజున కూడా నాకు కలగలేదు.