ఒక్కరికైతే గది ఇవ్వరు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పూలదండలతో కలిపి వచ్చింది. పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "పాపా, అత్త పోయినాది. రాత్రి పండుకున్నామె లేయలేదు. తొందరగా రా," అన్నాడు. నాకు ఏడుపు వచ్చేలోపే మళ్లీ అందుకున్నాడు. "వచ్చేటప్పుడు నంద్యాల్లోనే దండలు తీసుకో. ఈడ వాడిపోయినవి అమ్ముతాండారు." ఏడుపు పక్కన పెట్టి పూల అంగడికి వెళ్లాను. ఒక్కో దండా తిప్పి తిప్పి చూసి మరీ కొన్నాను. అత్త ఉంటే మెచ్చుకునేది. ఏడుస్తూ కొనేవాళ్లకు వాడిపోయినవే అంటగడతారని ఆమె చెప్పేది.

కర్మనాటికి మా అన్న అంగడి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో అత్త ఫొటో ఉంది, పక్కన చేతులు జోడించిన మా అన్న ఫొటో ఉంది, కింద అంగడి పేరుంది. అంగడి పేరు అత్త పేరుకన్నా పెద్దది. ఆమె గురించి రాయాల్సినదంతా అందులో వచ్చేసిందని మావాళ్లు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా అత్తకు చిన్న వయసులోనే పెళ్లయింది, చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. ఆళ్లగడ్డలో మా నాయన కిరాణా అంగడి పెట్టుకున్న రోజుల్లోనే ఆమె పుట్టింటికి తిరిగొచ్చింది, ఇక కదల్లేదు. వండింది, మమ్మల్ని పెంచింది, అంగడికి క్యారియర్ మోసింది. వీటికి ఎవరూ ఫ్లెక్సీలు కట్టరు. అయితే ఒక పనిలో మాత్రం మా బంధువులంతా ఆమె మాటే వినేవారు. తక్కువ ఖర్చుతో నలుగురూ ఎక్కడికైనా పోయి రావాలంటే ఆమెను అడగాల్సిందే. ఏ ఊళ్లో మన కులపోళ్ల సత్రం ఉంది, ఏ ప్యాసింజరు ఖాళీగా పోతుంది, ఏ నెలలో ఏ కొండ మీద నీళ్లుంటాయి, అంతా ఆమెకు నోటికొచ్చు.

జనం పోని రోజుల్లోనే ఆమె మమ్మల్ని బయల్దేరదీసేది. "జనం పోయేటప్పుడు పోతే ఏం చూస్తారు? జనాన్నే చూస్తారు," అనేది. అలా ముసురులో మహానందికి వెళ్లాం, ఎండల్లో వెలుగోడు చెరువు కట్ట మీద గొడుగులేసుకుని అన్నాలు తిన్నాం. రెండు రోజులకు సరిపడా పులిహోర, సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టేది. హోటల్ మాట ఎత్తితే ఊరుకునేది కాదు. ఐసు కావాలని మా చిన్నాన్న కొడుకు బస్టాండులో దొర్లి దొర్లి ఏడిస్తే, "ఐసు కావాల్నా? ఇంటికి పో. ఫ్రిజ్జు ఉండాది, తలుపు తీసి కూచో," అని వాణ్ణి నిజంగానే వాళ్ల ఊరు శిరివెళ్ల పోయే బస్సెక్కించబోయింది. వాడే ఇంకోసారి దొంగతనంగా బజ్జీలు తిని రైల్లో వాంతి చేసుకున్నాడు. ఒక పాత గుడ్డ వాడి చేతిలో పెట్టి, "నీ బజ్జీలు నువ్వే తుడువు," అంది. మెత్తటి మనిషి అని నేను చెప్పను. చెబితే చనిపోయినామెను అవమానించినట్టే.

మా అందరికీ ఎక్కువ ఇష్టమైనది సముద్రం. నంద్యాల్లో గుంటూరు రైలెక్కి, ఇంకో రైలు మారి, ఆటోల్లో పోయేవాళ్లం. ఒడ్డు కనిపించగానే అందరం పరుగు. చెప్పులు, వాచీలు, సంచులు, మా అమ్మ నగల డబ్బా, అన్నీ ఒకచోట కుప్ప. వాటి పక్కన అత్త. ఎవరుంటారని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "అత్త ఉండాది గదా," అనేవాళ్లు. కుక్కలు పులిహోర గిన్నెలో మూతి పెడతాయని ఆమె సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. మేం వణుకుతూ వస్తే ఒక్కొక్కరికీ తువ్వాలు అందించేది. ఎన్నిసార్లు పోయామో, అన్నిసార్లూ ఆమె పొడిచీరతోనే తిరిగొచ్చింది.

నాయన పోయాక మా అన్న కారు కొన్నాడు. ప్యాసింజర్లు, సత్రాలు నామోషీ అయ్యాయి. కార్లో అత్తకు సీటు చాలేది కాదు, పైగా ఇంటికి కాపలా కావాలి. అయినా దారి ఎట్లాగో, యాడ తినకూడదో ఆమే చెప్పి పంపేది.

కొన్నేళ్ల కిందట ఆమె నంద్యాల మా ఇంటికొచ్చి, టీ తాగుతూ ఉన్నట్టుండి అంది. "అమ్మీ, నేను సముద్రానికి పోవాల. ఒక్కదాన్నే."

"యాందత్తా, ఒక్కదానివా? ఎందుకు?"

"సామాన్లు లేకుండా పోవాల. నడుముదాకా నీళ్లల్లో నిలబడాల. బయటికొచ్చినాక ఎవురికీ తువ్వాలు అందియ్యకూడదు. అంతే."

నేను తోడొస్తానన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వొస్తే నీ బ్యాగు ఎవురు చూస్తారు?" అంది.

అప్పుడే నా ఫోన్లోంచి, స్పీకరు పెట్టించి, సత్రానికి చేసింది. ఏ ఊరో రాయను, సత్రం వాళ్లు నొచ్చుకుంటారు. మేం చిన్నప్పటి నుంచి దిగిన సత్రమే. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ఎంతమంది అనడిగాడు. ఒక్కదాన్నే అంది అత్త.

"ఒక్కరికైతే గది ఇవ్వమండీ. రూలు. ఎవరినైనా వెంటబెట్టుకు రండి."

"ఎందుకియ్యరు? ఒక్కదాన్నయితే తక్కువ స్థలమే గదా కావాల్సింది?"

"అది కాదండీ, ఒంటరిగా వచ్చినవాళ్లు లోపల ఏదైనా చేసుకుంటే మా మీదకొస్తుంది."

అత్త ఫోనుకు దగ్గరగా జరిగింది. "చావాలనుకుంటే ఆళ్లగడ్డలో బావుల్లేవా నాయనా? చార్జీలు పెట్టుకోని అంత దూరం రావాల్నా?"

అవతల ఆయన నవ్వాడు. గది మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత ఏటా చేసింది, రూలు ఏమైనా మారిందేమోనని. ఏటా అదే మాట. మన కులపోళ్ల సత్రమే, మనవాళ్లు కట్టిందే. కానీ కుటుంబమైతేనే మనిషి. ఒంటరి ఆడది శవం కాబోయే మనిషన్నమాట.

ఒకసారి నా ఫోన్లో డేరా బొమ్మ చూసింది. కుర్రకారు అడవుల్లో వేసుకుని పడుకుంటారే, మడిస్తే సంచిలో పట్టేది. అదేమిటని అడిగి, విని, వెంటనే తెప్పించమంది. నంద్యాల మా మేడ మీద దాన్ని వేయడం నేర్చుకుంది. మొదటిసారి పుల్లలు విడివడి ఆమె మీదే కూలింది. లోపల్నుంచే నన్ను తిట్టింది. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్నావిడ చూసి, "ఏమ్మా, అత్తను మేడ మీదికి మార్చినారా?" అంది. అత్త తల బయటికి పెట్టి, "అవునమ్మా. నీకూ ఒగటి తెప్పిస్తాం. మీ కోడలు అడుగుతాండె," అంది. ఆవిడ బట్టలు సగంలో వదిలి దిగిపోయింది.

బనగానపల్లెలో అత్త స్నేహితురాలికి మామిడితోట ఉంది. ముందుగా అక్కడ డేరా వేసుకుని ఒక రాత్రి పడుకొని వచ్చింది. మర్నాడు బస్సు దిగేసరికి దోమలు కుట్టి ముఖమంతా ఉబ్బిపోయింది.

"నిద్ర పట్టిందా అత్తా?"

"యాడ పడ్తాది? అంతా మేలుకోనే ఉంటి. కానీ ఎవురూ పిల్చలేదు. తెల్లారేదాకా నన్ను ఎవురూ ఏమీ అడగలేదమ్మీ," అంది. ఆ ఉబ్బిన ముఖంతో ఆమె నవ్విన నవ్వు నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఆమెను అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఇక సముద్రమే మిగిలింది. అంగడికి టెంకాయల లోడు తెచ్చే డ్రైవరు వాళ్ల అక్క ఇల్లు ఒడ్డునే ఉందట. వాళ్ల పెరట్లో డేరా వేసుకోమన్నారు. చేపలెండబెట్టే ఇల్లు కదా, వాసన భరించగలవా అన్నాను. "ముక్కు మూసుకుంటే సముద్రం కనపడదా ఏంది?" అంది. వానలు తగ్గగానే బయల్దేరాలనుకుంది. రైలు చూసుకుంది, పులిహోర ఒక్కరికి ఎంత కలపాలో తెలియడం లేదని నవ్వింది. జీవితంలో ఎన్నడూ ఒక్కరికి కలిపి ఎరగదు.

ఆళ్లగడ్డకు తీసుకుపోయాక డేరా సంచి మా అన్న కంటబడింది. మా అన్న అరిచే మనిషి కాదు. అరిచేవాళ్లతో కనీసం పోట్లాడొచ్చు. ఆయన అత్త కాళ్ల దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాడంట. "అత్తా, నేను నీకు అన్నం పెట్టడంలేదా? మేనత్తను ఇంట్లోంచి తరిమితే డేరాలో పండుకుంటాండాదని బజారంతా అంటే, రేపు నా అంగడికి ఎవురొస్తారు? నీకేం కావాలన్నా అడుగు, ఇది మాత్రం వద్దు." చెప్పి, సంచి తీసుకుని అంగడికి పోయాడు. వానలు అప్పుడే మళ్లీ పట్టుకున్నాయి. అంగడి మెట్ల పక్కన చూరు కింద పశువుల దాణా మూటలు తడుస్తున్నాయి. డేరాను విప్పి, అంచులు కోసి, మూటల మీద కప్పించాడు. కోసేటప్పుడు అత్త క్యారియర్ పట్టుకుని అక్కడే నిలబడి ఉందట.

నేను ఫోన్ చేసి అన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. "నీకేం, నంద్యాల్లో ఉండావు. ఈడ నలుగురి నోర్లు మూయాల్సింది నేను," అన్నాడు. ఫోను అత్తకిచ్చాడు. "ఇడ్సిపెట్టుమే. మూటలు తడవకుండా ఉండాయి గదా," అందామె. ఆ తర్వాత సముద్రం మాట ఎత్తలేదు. సత్రానికీ ఫోన్ చేయలేదు. రోజూ మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని ఆ మూటల పక్కనుంచే అంగడి మెట్లెక్కింది. అలా కొన్ని నెలలు ఎక్కి, ఒక పొద్దున లేవడం మానేసింది.

అస్థికలు ఎక్కడ కలపాలన్న మాట వచ్చినప్పుడు మా అన్న అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు. "అత్తకు సముద్రమంటే పానం. ఆడనే కలుపుదాం," అన్నాడు. అందరూ ఆహా అన్నారు. పిల్లలకు సెలవులు కూడా కలిసొచ్చాయి. మా వదిన సత్రానికి ఫోన్ చేసి కుటుంబమంతా వస్తున్నామంటే, "తప్పకుండా రండి," అన్నారట, మారుమాట లేకుండా.

టెంపో మాట్లాడుకుని బయల్దేరాం. అస్థికల కుండ సీట్లో పెట్టకూడదని పెద్దలన్నారు. దానికి తెల్లగుడ్డ చుట్టి, టాపు మీద సూటుకేసుల మధ్య కట్టారు. దారిలో రెండుచోట్ల ఆపి బజ్జీలు తిన్నాం. మా చిన్నాన్న కొడుక్కి ఇప్పుడు బట్టతల వచ్చింది. వాడు, "అత్త ఉంటే తిననిచ్చేదా?" అన్నాడు. టెంపో అంతా నవ్వింది. నేనూ నవ్వాను, బజ్జీ బాగుంది.

సాయంత్రానికి సత్రం చేరాం. అస్థికలు కలిపించే అయ్యవారు పొద్దున్నే వస్తానన్నాడు. పిల్లలు సంచులు పడేసి సముద్రానికి పరిగెత్తారు. మా అన్న కుండ దించి లోపలికి తేబోతే మేనేజరు అడ్డొచ్చాడు. "తప్పుగా అనుకోకండి. అస్థికలు లోపలికి తేకూడదండీ. గేటు బయట బాదంచెట్టు ఉంది, దానికి కట్టుకోండి. అందరూ అక్కడే కడతారు." అది మా ఇళ్లలోనూ ఉన్న పద్ధతే. అన్న చెట్టుకు కట్టొచ్చాడు. గదుల తాళాలు ఇచ్చారు. ఏసీ ఉన్నది ఎవరికని మా వదిన, చిన్నమ్మ కాసేపు గొడవపడ్డారు.

అన్న ఆధార్ కార్డు చూసి రాసుకుంటూ మేనేజరు తలెత్తాడు. "ఆళ్లగడ్డా అండీ? అక్కడినుంచి ఒక పెద్దావిడ ఏటా ఫోన్ చేసేవారు, ఒక్కరికే గది కావాలని. భలే మాటకారి. ఈ ఏడు చేయలేదు. మీకేమైనా తెలుసా?"

అన్న తాళాలు లెక్కపెట్టుకుంటున్నాడు. నేను చెప్పాను. "తెలుసు. మాతోనే వచ్చింది."

"అయ్యో, ఇంతమందితో అయితే ఇంక ఇబ్బందేముందండీ? పిలవండి. ఎక్కడున్నారు?"

"మీరు కట్టమన్న చెట్టుకే," అన్నాను.

ఆయన పెన్ను ఆగిపోయింది. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. సముద్రపు గాలికి తెల్లగుడ్డ చుట్టిన కుండ అటూ ఇటూ మెల్లగా తిరుగుతోంది. పిల్లలు తడిబట్టలతో వచ్చి, ముట్టుకుంటే మైలని చెప్పారు కాబట్టి, ఆ చెట్టును దూరంగా చుట్టి ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు.