సముద్రపు దొంగా, గుమ్మడి వడియాలూ

మే పదిహేడు, శనివారం, ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా దొంగరవాణా మొదలైంది. సరుకు గుమ్మడి వడియాలు.

ముందురోజు సాయంత్రం కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఇంటి వెనక డెక్ మీద తినే పదార్థాలు ఎండబెట్టరాదని. అప్పటికే బూడిద గుమ్మడికాయ తరిగి ఉప్పు చల్లాను, మినప్పప్పు నానబోశాను. ఆ వసంతమంతా వెతికితే దొరికింది ఆ ఒక్క కాయే. సోమవారం నుంచి వానలట. ఈలోగా రెండు రోజుల ఎండ దక్కకపోతే అంతా పులిసి పారబోయడమే.

తొమ్మిదేళ్ల మనవరాలు పక్కనే బడి పని చేసుకుంటోంది. చరిత్రలో ఒకరి వేషం వేసి సోమవారం వాళ్ల జీవితం చెప్పాలి. దీని వంతుకు రెండు వందల ఏళ్ల కిందటి సముద్రపు దొంగ వచ్చాడు. ఈ దేశపు దక్షిణాన దొంగసరుకు అమ్మినవాడు. తేదీలు నేను సరిచూశాను. పుట్టిన ఏడు గట్టిగా తెలియదు, పోయిన ఏడూ తెలియదు. ఇలాంటి మనిషికి మార్కులు ఎలా వేస్తారో నాకర్థం కాలేదు.

"ఇతన్ని పట్టుకుంటే గవర్నర్ మనీ ఇస్తా అన్నాడు, అమ్మమ్మా. గవర్నర్‌ని పట్టుకుంటే ఇంకా ఎక్కువ ఇస్తా అని ఇతను పోస్టర్ పెట్టాడు."

"సంఘం అధ్యక్షురాలిని నేను పట్టించలేనే. సరుకు ఎక్కడ దాచేవాడో అది చెప్పు."

"స్వాంప్‌లో. అంతా బురద, చెట్లు. అక్కడ ఎవ్వరూ చూడరు." కిటికీలోంచి, ఎండలో నిలిపిన వాళ్లమ్మ నల్లకారు చూపించింది. "మన స్వాంప్ అది."

వెనక సీటు మీద మా ఆయన పాత పంచె పరిచి, వరసకు ఆరు చొప్పున ముప్పై ఒక్క వరసలు, మొత్తం నూట ఎనభై ఆరు పెట్టాను. ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకుని మనవరాలు కాపలా కాసింది.

మర్నాడు బట్ట తిరగేసి, వెనకవైపు నీళ్లు చిలకరించి, పది నిమిషాలాగితే వడియాలు ఊడతాయి. ఆదివారం పదీ ఇరవైకి తిరగేసి, చిలకరించి, పళ్లెం కోసం లోపలికి వెళ్లాను. పైనుంచి చూస్తే అది తెల్లగుడ్డే.

ఆ పది నిమిషాల్లోనే అధ్యక్షురాలు వచ్చింది. తన కారు కదలడం లేదట, చర్చికి దించమని మా అమ్మాయిని అడిగింది. మా వ్యవహారం అమ్మాయికి తెలియదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి కారు మలుపు తిరుగుతోంది.

"సీటు పాడవకుండా నువ్వు బట్ట వేశావనుకున్నానమ్మా," అంది అమ్మాయి తిరిగొచ్చాక. "ఆవిడ కేకు ముందు సీట్లో పెట్టి, తను వెనక కూర్చుంది. దారంతా విండో దించుకునే ఉంది, ఇంగువ వాసనకి."

"ఏమైనా అందా?"

"దిగి వెనక తడుముకుంది. ఇదేంటి అని అడిగితే ఫుడ్ అని చెప్పాను. ఇకనుంచి డెక్ మీదే ఎండబెట్టుకోమను మీ అమ్మని అంది."

"ఇతన్ని కూడా లాస్ట్‌లో ప్రెసిడెంట్ పార్డన్ చేశాడు," అంది మనవరాలు, కంటిగుడ్డ తీయకుండానే.

మిగిలిన యాభై ఎనిమిదీ సాయంత్రందాకా డెక్ మీద దర్జాగా ఎండాయి. సోమవారం వాన పడింది.

పోయినవి: వడియాలు నూట ఇరవై ఎనిమిది, పంచె ఒకటి, అధ్యక్షురాలి తెల్ల స్కర్టు ఒకటి.