నాయనమ్మ చేతి గోలీ

నా చిన్నప్పుడు, అక్క చనిపోయిన ఏడాది, మా ఇంట్లో మందు గోలీ అన్న మాట వింటేనే అమ్మ లేచి అవతలికి పోయేది. మేము తాండూరులో ఉండేవాళ్లం. నాయన నాపరాయి గనిలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉండేది. అమ్మ కందిపప్పు చెరగడానికి మిల్లుకు పోయేది. అక్కనూ నన్నూ పెంచింది మా నాయనమ్మే.

అక్కను పరిగి దగ్గరి పల్లెకు ఇచ్చారు. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె ముఖం పాలిపోయి ఉంది. బిందెడు నీళ్లు తెస్తే గుమ్మంలోనే కూలబడేది. వాడకు వచ్చే సర్కారు నర్సమ్మ ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం తక్కువుందని చెప్పి ఎర్ర గోలీలు ఇచ్చిపోయింది. అక్క వాటిని రోజూ మింగుతున్నదనే మేమంతా అనుకున్నాం.

కాన్పు ఇంట్లోనే అయింది. పాప బతికింది. అక్కకు మాత్రం రక్తం ఆగలేదు. దవాఖానకు తీసుకుపోదామని నాయన బండి మాట్లాడుకొని వచ్చేసరికే ఆమె చేతులు చల్లబడ్డాయి. నన్ను పక్కింట్లో కూర్చోబెట్టారు. గోడకు అవతల అమ్మ ఏడుపు వినపడుతుంటే, మేము పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచే ఆ ఇంటి ఆమె తన రెండు చేతులతో నా చెవులు మూసి పట్టుకున్నది. ఆమె కూడా ఏడుస్తున్నదని నా తల మీద పడ్డ చుక్కలను బట్టే తెలిసింది.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లలో ఎవరో, గోలీల వేడికే పిల్ల పోయిందన్నారు. అమ్మకు ఆ మాట మనసులో నాటుకుపోయింది. నాయనమ్మ కూడా అవునన్నట్టు తల ఊపింది. పాపను బావ వాళ్లు తీసుకుపోయారు.

మరుసటి వానాకాలం నాకు మట్టి మీదికి మనసు పోయింది. తడిసిన గోడ వాసన తగిలితే చాలు, నోట్లో నీళ్లూరేవి. పెచ్చులు గీరుకొని తినేదాన్ని. బలపాలు కొరికేదాన్ని. అమ్మ కొట్టింది, నా వేళ్లకు వేపాకు పసరు రాసింది. అయినా మానలేకపోయాను. బడికి పోయే దారిలో ఆయాసంతో ఎవరి అరుగు మీదనో కూర్చుండిపోయేదాన్ని. చివరికి నాయనమ్మే నన్ను రైలెక్కించి వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, మట్టి తినడం పిల్ల కొంటెతనం కాదు, రక్తం తక్కువైతే అట్లా అనిపిస్తుంది, కొట్టొద్దు అన్నది. తర్వాత గోలీలు చేతికివ్వబోయింది. అవే ఎర్ర గోలీలు. నాయనమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నది. డాక్టరమ్మకు మా ఇంటి సంగతి తెలియదు. ఓపికగా చెప్పింది.

"ఇది ఇనుము మందమ్మా. వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తుంది. అది మందు రంగే. చూసి భయపడి మధ్యలో ఆపొద్దు."

నాయనమ్మ ఆ మాటను ఆమెతో మళ్లీ చెప్పించుకున్నది. తర్వాత పొట్లం తీసుకొని రొండిన దోపుకున్నది. తిరుగు రైల్లో నేను పల్లీలు కొనిపెట్టమన్నా ఆమెకు వినపడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నది.

ఇంటికి వచ్చి పొట్లం విప్పగానే అమ్మ దాన్ని లాక్కున్నది.

"ఇవి నా పెద్ద బిడ్డను తిన్నయి. దీనికి గూడ పెడ్తరా?"

నేనూ పళ్లు బిగించుకొని నాయన వెనక నక్కాను. అక్క చావు ఆ పొట్లంలోనే ఉన్నదని నా నమ్మకం. నాయనమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"గోలీలు ఏం జెయ్యలే, పిల్లా," అన్నది అమ్మతో. "పెద్దదానికి నేనే ఆపిచ్చిన. దొడ్డికి నల్లగ వోతున్నదంటే, ఉన్న రక్తం గూడ మాడి పోతున్నదనుకున్న. మిగిలినయి పెంటల పారబోసిన. ఆ నలుపు మందు రంగేనని ఇయ్యాల్నే తెల్సింది. నన్ను ఏమన్న అను. దీనికి మాత్రం మందు ఆపకు."

అమ్మ పొట్లాన్ని గూట్లో పెట్టి లోపలికి పోయింది. నాయన బయటికి పోయాడు. ఆ రోజు నుంచి అమ్మ అత్తకు అన్నం పెట్టేది, స్నానానికి నీళ్లు తోడేది, మాట మాత్రం మాట్లాడేది కాదు. నాయనమ్మ దానికి ఒక్కనాడూ నొచ్చుకోలేదు.

రోజూ నాకు గోలీ వేసింది ఆమే. కడుపులో తిప్పుతున్నదంటే జొన్నరొట్టె తినిపించి, కాసేపాగి ఇచ్చేది. మొదటిసారి నల్లగా పోయినప్పుడు నేను చచ్చిపోతున్నాననుకొని కేకపెట్టాను. ఆమె పరుగెత్తుకొని వచ్చి నన్ను కడిగి ఒడిలో కూర్చోబెట్టుకున్నది. "మందు రంగే బిడ్డా, మందు రంగే," అంటూనే ఉంది. నాకు చెప్తున్నదో, అక్కకు చెప్పుకుంటున్నదో అప్పుడు నాకు తెలియలేదు.

రోజూ వెలుతురులో నిలబెట్టి నా కంటి రెప్ప కిందికి లాగి చూసేది. చలికాలం మొదలయ్యాక ఒక పొద్దున అట్లా చూసి, ఎర్రగా ఉందని గొణిగి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి, తానూ అక్కడే కూర్చున్నది.

ఇప్పుడు నాకు దాదాపు అప్పటి నాయనమ్మ వయసే. ఆమె ఆ రోజు నోరు తెరవకపోయినా అడిగేవాళ్లు లేరు. తప్పు గోలీలదేనని ఇల్లంతా నమ్మేసింది. చెప్పినందువల్ల అక్క తిరిగి రాదని కూడా ఆమెకు తెలుసు. నా వల్ల ఎవరికైనా కీడు జరిగిందేమోనని అనుమానం వచ్చి, ఎవరికీ తెలియదులే అని మనసు సర్దిచెప్పబోయినప్పుడల్లా, గుమ్మం దాటి లోపలికి రాలేక నిలబడిపోయిన ఆ ముసలి మనిషి కళ్ల ముందుకొస్తుంది. ఇక నా తప్పు నేను చెప్పకుండా ఉండలేను.